మట్టి మావయ్య తలలు

పొద్దున లేవగానే స్టవ్ కంటే ముందు నేను ముట్టుకునేది బకెట్‌నే. పెరట్లో కుళాయి కింద నీలం బకెట్ ఉండేది. పాత దుప్పట్లూ, అరిగిపోయిన దిండు గలీబులూ చింపిన నూలు గుడ్డలు అందులో వేసి, మునిగేదాకా నీళ్ళు పట్టి, నాననిచ్చి, పిండి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో కుక్కి మూతి ముడేసేదాన్ని. ఈలోగా ఆయన స్నానం అయ్యేది. ఒక చేత్తో అన్నం డబ్బా, ఇంకో చేత్తో గుడ్డల సంచి పట్టుకుని, "ఇది నాకు, ఇది వాటికి" అని రోజూ అదే మాట అని గుమ్మం దిగేవారు. సాయంత్రానికి ముందురోజు గుడ్డలు బురద పట్టుకుని తిరిగొచ్చేవి. డబ్బా కడిగి, గుడ్డలు ఉతికి తీగ మీద వేసేదాన్ని. తెల్లారితే మళ్ళీ బకెట్.

ఆయన పోయిన రోజు ఎవరో ఆ బకెట్ బోర్లించారు. దాన్ని తిప్పి పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆయన మా ఊళ్ళో ఆర్ట్ మ్యూజియంలో పనిచేసేవారు. రాజుల కత్తులూ నాణేలూ పెట్టే మ్యూజియం కాదు అది. ఇప్పటి మనుషులు ఇప్పుడు చేసినవి పెట్టే చోటు. పూర్వం సరుకు గోడౌను. ఎత్తయిన గోడలకి తెల్లరంగు కొట్టి, పైకప్పులో అద్దాలు బిగించారు. వెనకవైపు వర్క్‌షాపు గది. శని, ఆదివారాల్లో ఎవరైనా వచ్చి అక్కడ కూర్చుని ఏదో ఒకటి చేసుకోవచ్చు. ఆ గదిలో మట్టి చూసుకునే పని ఆయనది. ఎండిన మట్టిని నానబెట్టడం, వడగట్టడం, పిసికి ముద్దలు చేయడం. జనం సగం చేసి వదిలిన బొమ్మలు పై వారం దాకా ఎండకుండా తడిగుడ్డ కప్పి ఉంచడం. పిల్లలు ఆయన్ని 'మట్టి మావయ్య' అనేవాళ్ళు. పోనుపోను పెద్దవాళ్ళూ అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఇంట్లో పిండి కలపమంటే చేతులు వెనక్కి పెట్టుకునే మనిషి అక్కడ రోజంతా మట్టి పిసుకుతున్నారంటే మా అత్తయ్య నమ్మేది కాదు.

అంతకు ముందు పైపుల ఫ్యాక్టరీలో ఉండేవారు. ఆ మిషన్ల మోతకి ఎడమ చెవి పోయింది. అందుకని ఎవరు మాట్లాడినా తల ఓ పక్కకి వంచి, కుడిచెవి వాళ్ళకి అప్పగించినట్టు పెట్టేవారు. తెలియనివాళ్ళకి అదేదో మర్యాదలా కనిపించేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మ్యూజియంలో సామాన్లు మోయడానికి చేరి, అక్కడి నుంచి మట్టి గదిలోకి వచ్చారు.

సాయంత్రాలు అక్కడి కబుర్లు చెప్పేవారు. ఒకవారం కళ్ళకి గంతలు కట్టుకుని బొమ్మలు వేశారట. ఇంకోవారం అందరూ గోడకి చెవి ఆనించి నిలబడి, విన్నది కాగితం మీద గీశారట. "జీతం ఇచ్చి మరీ చేయిస్తున్నారా ఇదంతా?" అని అడిగేది అత్తయ్య. "వాళ్ళే డబ్బు కట్టి వస్తారమ్మా" అని ఆయన అంటే, ఆవిడ చేతిలో పని ఆపేసి నవ్వేది.

ఒకరోజు ఆయన అన్నం తింటూ, తడిమట్టి నీళ్ళలో వేస్తే కరగదు, బాగా ఎండిన మట్టే కరుగుతుంది అన్నారు. అత్తయ్య ఒప్పుకోలేదు. తడిదే ముందు కరుగుతుంది, ఆ మాత్రం తెలియదా అంది. మర్నాడు ఆయన రెండు ముద్దలు తెచ్చారు, ఒకటి ఎండింది, ఒకటి పచ్చిది. రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి వేశారు. ఎండింది బుస్సుమని బుడగలు వదిలి మేం చూస్తుండగానే పొడిపొడిగా కూలిపోయింది. పచ్చిది మర్నాటి దాకా అలాగే ముద్దలా కూర్చుంది. అత్తయ్య దాన్ని వేలితో పొడిచి చూసి, "నా గ్లాసు పాడుచేశావు" అని మాత్రం అంది.

ఇక తలల సంగతి. మట్టితో మనిషి తల చేయడం నేర్పే వర్క్‌షాపు పెట్టారు, మూడు ఆదివారాలు. నమూనాగా ఎదురుగా కూర్చోవడానికి కుదుర్చుకున్న మనిషి మొదటి ఆదివారమే రాలేదు. తలలు చేయడం నేర్పే టీచరమ్మ అటూ ఇటూ చూసి ఈయన్నే స్టూలు మీద కూర్చోబెట్టేసింది. చుట్టూ జనం కూర్చుని ఈయన ముఖం చూస్తూ తలలు చేయడం మొదలుపెట్టారు. ఒక్కో తల రెండు చేతుల్లో ఇమిడేంత. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నారు. "నా ముక్కుని ఇంతమంది ఇంతసేపు చూశారు. అరిగిపోయిందేమో చూడు" అన్నారు.

ఆ తలలు దాచుకోవడానికి కాదని ముందే చెప్పారట. చివర్లో ఒక కార్యక్రమం. ఎవరు చేసిన తల వాళ్ళు తెచ్చి అందరి ముందూ అద్దాల తొట్టిలో వేస్తారు, అది కరిగి మళ్ళీ మట్టి అవుతుంది, ఆ మట్టితో పై నెల ఇంకొకరు ఇంకేదో చేసుకుంటారు. అలాంటివన్నీ ఆలోచిస్తుంది ఆ టీచరమ్మ. ఆయనకి నచ్చింది. "మంచిదే. లేకపోతే నా తలలన్నీ ఎక్కడ పెట్టుకోను? ఉన్న ఒక్కటీ మోయలేకపోతున్నా" అన్నారు.

రెండు ఆదివారాలు కూర్చున్నారు. మూడోది రాకుండానే, పనికి వెళ్తూ రోడ్డు మీద కూలిపోయారు. గుండె. చేతిలో డబ్బా, గుడ్డల సంచి అలాగే ఉన్నాయట.

తర్వాత కొన్నాళ్ళు ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. ఇంట్లో నేనూ అత్తయ్యా. మా మరిది పక్కవీధిలోనే ఉంటాడు, సరుకుల వ్యాను నడుపుతాడు. వచ్చి కూర్చునేవాడు, లేచి వెళ్ళేవాడు. ఒకరోజు టీచరమ్మ ఫోన్ చేసింది. మిగతా గుడ్డలన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయా అమ్మా అని అడిగింది. తలలు ఎండిపోతున్నాయట. మూడో ఆదివారం వాయిదా వేశారు, అందాకా వాటిని తడిగా ఉంచాలి, ఇక్కడ ఎవరికీ చేతకావడం లేదు అంది.

ఆ సాయంత్రం బకెట్ తిప్పి పెట్టాను. పొద్దున్నే గుడ్డలు నానబెట్టి, పిండి, సంచి పట్టుకుని నేనే బయల్దేరాను.

గేటు దగ్గర గార్డు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆయన్ని 'అన్నా' అని పిలిచేవాడట, అందుకని నన్ను వదినా అన్నాడు. సంచి అందుకుని ముందు నడిచాడు. వర్క్‌షాపు గదిలో గోడ పొడవునా చెక్క అర, దాని మీద వరసగా గుడ్డలు కప్పిన ముద్దలు. ఒక్కో గుడ్డా తీశాను.

అన్నీ ఆయనే. ఏదీ ఆయన కాదు. ఒకదానికి ముక్కు కుదిరింది, కళ్ళు ఎవరివో. ఒకదానికి నుదుటి మీద ముడత సరిగ్గా ఉంది, కింద ముఖం కుర్రాడిది. ఇంకొకటి కోపంగా చూస్తోంది, ఆయనకి అంత కోపం ఎప్పుడూ రాలేదు. అన్ని తలలూ నిటారుగా ముందుకే చూస్తున్నాయి. చిట్టచివర ఉన్నది మాత్రం మొరటుగా, వేళ్ళ గుర్తులు అలాగే వదిలేసి ఉంది. కళ్ళంటే రెండు గుంటలు. కానీ తల ఓ పక్కకి వంగి ఉంది. కుడిచెవి నా వైపు పెట్టి, నేనేదో అంటే విందామన్నట్టు.

మిగతావాటికి తడిగుడ్డలు కప్పి మళ్ళీ దాని దగ్గరికే వచ్చాను. అది అలాగే చెవి పెట్టి ఉంది.

అది ఎవరు చేశారని గార్డుని అడిగాను. సిటీ బస్సు డ్రైవరట, సెలవు రోజున వచ్చి చేశాడట.

ఆ రోజు నుంచి రోజూ వెళ్ళాను. నాలుగైదు రోజుల తర్వాత చూస్తే ఆ చివరి తలకి ముక్కు జారింది. గడ్డం కింద నీళ్ళు చేరాయి. గార్డు వచ్చి గుడ్డ పట్టుకు చూసి, కారుతున్న నీళ్ళు చూసి, గుమ్మం ముందు మెట్టు వైపు చెయ్యి చూపాడు.

"అన్న రోజూ వచ్చి ముందు ఆ మెట్టు మీద కూర్చునేవాడు వదినా. మీరు పంపిన గుడ్డలన్నీ ఒక్కొక్కటీ మళ్ళీ పిండేవాడు. 'మా ఆవిడ చేతిలో నీళ్ళకి కరువు లేదురా' అనేవాడు."

ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా నాకు చెప్పలేదు ఆ మాట. గట్టిగా పిండవే అంటే సరిపోయేది. నేను ఆ మెట్టు మీద కూర్చుని గుడ్డలన్నీ మళ్ళీ పిండాను. మెట్టు పక్కన సిమెంటు మీద నీళ్ళు జారిన తెల్లచార ఉంది. ఎప్పటి నుంచో ఉన్నట్టుంది.

ఆ వారమే టీచరమ్మ నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది. తలలు చేసినవాళ్ళందరినీ అడిగిందట. ఆయన లేకుండా ఇక వాటి మీద చెయ్యి పెట్టం, ఉన్నవి ఉన్నట్టే ఉండనీ అన్నారట. కాబట్టి ఇంక గుడ్డలు తీసేసి ఎండనివ్వాలి. రెండు వారాల్లో బాగా ఎండితే ఆదివారం తొట్టి కార్యక్రమం.

"మీరు వద్దంటే ఆపేస్తానమ్మా" అంది.

ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన ఒప్పుకున్న పనిని నేను కాదనడం ఏమిటి? అదే చెప్పాను. బట్టీలో కాలిస్తే ఒకటైనా నిలుస్తుందా అని మాత్రం అడిగాను. చేతికొచ్చినట్టు కట్టినవి, లోపల ఎక్కడెక్కడ గాలి ఉందో తెలియదు, బట్టీలో పేలిపోతాయి అంది. పోనీ కాల్చకుండానే ఒకటి ఇంటికి తీసుకెళ్ళచ్చా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. అంతలో ఆవిడే, ఇవి చేసినవాళ్ళవి, వాళ్ళ చేత్తో వాళ్ళు తొట్టిలో వేయాలని వస్తున్నారు, నావి కూడా కావు అంది.

గుడ్డలు తీసేశాం. తలలు రోజురోజుకీ తెల్లబడుతున్నాయి. టీచరమ్మ వాటి చెంప మీద తన చేతి వెనకవైపు ఆనించి చూసేది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టట.

నేను వెళ్ళడం మానలేదు. గుడ్డలు ఉతికి పెడతానని చెప్పి వెళ్ళేదాన్ని. గదిలో ఎవరూ లేని వేళ చూసి, ఆ చివరి తలని అర మూలకి జరిపి, రెండుసార్లు పిండిన గుడ్డ కప్పేదాన్ని. వచ్చేటప్పుడు తీసేదాన్ని. ఇది తప్పో ఒప్పో నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే చెయ్యి ఆగిపోతుందని భయం. ఒకరోజు వెనక అడుగుల చప్పుడై తిరిగి చూస్తే గుమ్మంలో గార్డు.

"ఆ ఒక్కడికే దాహం ఎక్కువా వదినా?" అన్నాడు. ఇంకేం అడగలేదు. అప్పటి నుంచి నేను గదిలో ఉన్నంతసేపూ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, ఎవరైనా వస్తే గట్టిగా దగ్గేవాడు.

అడిగి తీసుకుందామనీ ప్రయత్నించాను. ఆ డ్రైవరు నడిపే బస్సు ఏదో గార్డు కనుక్కుని చెప్పాడు. ఒక మధ్యాహ్నం మా వీధి చివర నిలబడి ఆ బస్సు ఎక్కాను. ముందు సీట్లో, డ్రైవరు వెనకే కూర్చున్నాను. లావుపాటి వేళ్ళు, స్టీరింగు చుట్టూ బిగించి ఉన్నాయి. ఆ గుర్తులే ఆ తల మీద ఉన్నవి. ఎర్రలైటు పడినప్పుడల్లా ఇప్పుడు అడుగుతాను అనుకున్నాను. ఏమని అడగాలి? మీరు చేసింది నాకు కావాలి, అది మా ఆయన? ఆకుపచ్చ లైటు వెలిగేది. ఇలా ఊరంతా దాటి చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"మీ స్టాపు దాటిపోయిందా అమ్మా?"

తిరిగి వెళ్ళాలన్నాను. సరే కూర్చోండన్నాడు. వచ్చిన దారినే వెనక్కి వచ్చి, ఎక్కిన చోటే దిగాను.

ఆ సాయంత్రమే మా మరిది తుఫానులా ఇంట్లోకి వచ్చాడు. చేతిలో గోడ మీంచి చింపిన పోస్టరు. మ్యూజియం వాళ్ళది. స్టూలు మీద ఆయన, చుట్టూ తలలు, కింద రాబోయే ఆదివారం కార్యక్రమం సంగతి. వ్యాను ఆపుకుని టీ తాగుతుంటే ఎదురుగా గోడ మీద అన్నయ్య కనిపించాడట.

"నీకు తెలుసా వదినా ఇది? మా అన్నయ్యని పదిమందిలో నీళ్ళలో వేసి కరిగించి చప్పట్లు కొడతారా?"

తెలుసన్నాను. ఆయనే ఒప్పుకున్నారని చెప్పబోయాను. వినలేదు. అన్నయ్య బతికుండగా ఒప్పుకున్నాడు, అప్పుడది ఆట, ఇప్పుడది వేరు అన్నాడు. ఆదివారం తానూ వస్తాడట, వ్యాన్లవాళ్ళని తెస్తాడట, ఆ అద్దాల తొట్టి తొట్టిలా మిగలదట. అత్తయ్య మంచం మీద కూర్చుని పోస్టరు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. అప్పటిదాకా ఆవిడకి ఈ తలల కథే తెలియదు. "నన్నూ తీసుకెళ్ళు" అంది కొడుకుతో.

తొట్టి పగిలితే పక్కన వరసలో ఉన్నవేవీ మిగలవు. గొడవ కాకపోతే డ్రైవరు చేతులతో అది నీళ్ళలోకి వెళ్తుంది. లోపల ఎంత తడి మిగిలి ఉందో నాకు తెలియదు. టీచరమ్మ చెయ్యి ఆనించి చూస్తే, ఇది ఎండలేదని పక్కన పెట్టి మళ్ళీ ఎండబెడుతుంది. ఏ వైపు ఆలోచించినా ఆ తల నాకు దక్కే దారి కనిపించలేదు. శనివారం నేను గుడ్డ కప్పలేదు. పైన తెల్లబడకపోతే దొరికిపోతానని.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. వెనక ఆవరణలో మడత కుర్చీలు వేస్తున్నారు. ఎవరో మైకు ముందు 'హలో, హలో' అంటున్నారు. బల్ల మీద అద్దాల తొట్టి, నిండా నీళ్ళు. టీచరమ్మ తలల్ని ఒక్కొక్కటీ తెచ్చి పొడవాటి బల్ల మీద వరసగా పెడుతోంది. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. మిగతావన్నీ బూడిదరంగులో తేలిపోయాయి. నాది చెవుల అంచులు మాత్రమే తెల్లబడి, గడ్డం కిందా మెడ దగ్గరా ఇంకా నల్లగా ఉంది. ఆవిడ దాన్ని ఎత్తింది. ఆగింది. చెంప మీద చేతి వెనకవైపు ఆనించింది. అలా ఆనించే ఉంచి తలెత్తి నన్ను చూసింది.

నేను కళ్ళు దించుకోలేదు. దించుకుంటే అక్కడితో అయిపోతుందనిపించింది.

ఆవిడ దాన్ని వరసలో చిట్టచివర, చెట్టు నీడ పడే వైపు పెట్టి మైకు దగ్గరికి వెళ్ళిపోయింది.

జనం వచ్చారు. కుర్చీలు నిండాయి, పిల్లలు తొట్టి ముందు నేల మీద కూర్చున్నారు. మా మరిది వచ్చాడు. వెనక అతని తోటి డ్రైవర్లు ముగ్గురు నలుగురు, చేతులు కట్టుకుని గోడ వారగా నిలబడ్డారు. మరిది చెయ్యి పట్టుకుని అత్తయ్య. గార్డు వాళ్ళని చూసి గేటు వదిలి తొట్టి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

అత్తయ్య ముందు తలల బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక్కో తలా ముట్టుకుంటూ నడిచింది. "వీడెవడో నాకు తెలియదు." "చెవులు మా వాడివే." "ఇది వాళ్ళ నాన్న కోపం, వీడిది కాదు." ముందు వరసలో కూర్చున్నవాళ్ళు నవ్వాలా వద్దా అని చూస్తున్నారు. చివరి దాని దగ్గర ఆగింది. రెండు చేతులతో చెంపలు పట్టుకుంది.

"వీడొక్కడే చల్లగా ఉన్నాడు" అంది.

ఆవిడ తల తిప్పి జనంలో నా కోసం వెతికింది. చూపు కలిసింది. గ్లాసులో ముద్దని వేలితో పొడిచిన మనిషి. పచ్చి మట్టి కరగదని మర్చిపోలేదు. మరిది అప్పటికే మైకు వైపు అడుగు వేశాడు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది.

"కూర్చో."

"అమ్మా, వాళ్ళు అన్నయ్యని—"

"కూర్చోమన్నానా. చివరిదాకా చూసి, అప్పుడు పగలగొట్టుకో."

అతను కూర్చోలేదు గానీ ఆగాడు. తొట్టికి రెండు అడుగుల దూరంలో, పిడికిళ్ళు బిగించి.

టీచరమ్మ ఎక్కువ మాట్లాడలేదు. ఇది మట్టి మావయ్యతో కలిసి అనుకున్న పని అంది. ఆయన భార్యా తల్లీ తమ్ముడూ ఇక్కడ ఉన్నారు, వాళ్ళలో ఎవరు ఆపమన్నా ఆపేస్తాం అంది. ఆవరణ అంతా మా వైపు తిరిగింది. మరిది నా వైపు చూశాడు. నేను కానివ్వండి అన్నట్టు తల ఊపాను. నా మెడ నొప్పి పుట్టింది ఆ ఒక్క ఊపుకి.

ఒక్కొక్కరూ వచ్చి తమ తల ఎత్తుకుని నీళ్ళలో దించారు. ఎండిన మట్టికి నీళ్ళు తగలగానే బుస్సుమంది. బుడగలు వరసకట్టి పైకి వచ్చాయి. ముక్కు రాలింది, నుదురు పొరలుగా ఊడింది, చెవులు పడిపోయాయి. పిల్లలు ముందుకి జరిగి నోళ్ళు తెరిచి చూస్తున్నారు. కోపంగా చూసే తల అన్నిటికంటే ముందు కూలింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకామె తన తల వేసి, అది కరుగుతుంటే మీద చెయ్యి పెట్టి, "వెళ్ళిరండి మావయ్యా" అంది. మరిది పిడికిళ్ళు ఎప్పుడు విప్పాడో నేను చూడలేదు. చూసేసరికి రెండు చేతులూ తొట్టి అంచు మీద ఉన్నాయి, కొట్టడానికి కాదు.

చివర డ్రైవరు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చాడు. తల ఎత్తుకోగానే బరువు తేడా తెలిసినట్టుంది, కనుబొమలు ముడిచాడు. అయినా తీసుకెళ్ళి, మిగతా బురద మీద జాగ్రత్తగా దించాడు.

ఏమీ కాలేదు. చెవుల అంచుల దగ్గర రెండు మూడు బుడగలు వచ్చాయి. నీళ్ళు కదలడం మానేశాయి. తల ఓ పక్కకి వంచి, కుడిచెవి జనం వైపు పెట్టి, అది అలాగే కూర్చుంది. జనం ఎదురుచూస్తున్నారు. ఒక పిల్ల వాళ్ళమ్మని పెద్దగా అడిగింది, ఈయన ఎందుకు వెళ్ళడం లేదు అని. టీచరమ్మ నోరు విప్పలేదు. ముక్కు కొన మెత్తబడి కాస్త గుండ్రమైంది. ఇంక ఆగితే అదీ పోతుంది.

డ్రైవరు నడుము మీద చేతులు పెట్టుకుని తొట్టిలోకి వంగి చూశాడు.

"ఈయన దిగేలా లేడండీ. స్టాపు ఇంకా రాలేదనుకుంటా."

ఆవరణ మొత్తం నవ్వింది. అప్పటిదాకా బిగబట్టినదంతా వదిలినట్టు నవ్వారు. మా మరిది నవ్వబోయి ఏడ్చాడు. అత్తయ్య ముందుకి వచ్చింది.

"తియ్యి బాబూ, తియ్యి. అంతసేపు నీళ్ళలో ఉంచితే జలుబు చేస్తుంది వాడికి."

డ్రైవరు చేతులు ముంచి దాన్ని పైకెత్తాడు. మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇప్పుడేం చేయాలన్నట్టు టీచరమ్మ వైపు చూశాడు. ఆవిడ మళ్ళీ ఎండబెడదాం అంటే అంతే సంగతులు. నేను స్తంభం వదిలి నడిచాను. కుర్చీల మధ్య దారి ఎంత ఉందో అంతా నడిచాను.

"అది నాకు ఇవ్వండి" అన్నాను. "నేనే తడుపుతూ వచ్చాను. కరగకూడదని."

మైకు దగ్గరలో ఉంది కాబోలు, నా గొంతు గోడలన్నిటికీ తగిలి నాకే వినిపించింది. డ్రైవరు నా ముఖం గుర్తుపట్టాడు.

"మీరు మొన్న చివరిదాకా వచ్చి వెనక్కి వచ్చారు కదమ్మా. ఇందుకేనా?"

అవునన్నాను. ఇంకేమీ అడగకుండా తలని నా చేతుల్లో పెట్టాడు. చల్లగా, బరువుగా ఉంది. నేను పిండి తెచ్చిన గుడ్డ ఒకటి సంచిలోనే ఉంది. గార్డు తీసి కప్పాడు.

వెళ్ళేముందు టీచరమ్మ గేటు దాకా వచ్చింది. కోప్పడలేదు. తడుపుతూ ఉంటే ఇది ఎప్పటికీ ఇలా పచ్చిగానే ఉంటుంది, రోజూ కొంచెం కొంచెం జారుతుంది, ఒకరోజు ఈ వంపు కూడా పోతుంది అంది. ఎండనిస్తే పగుళ్ళు వస్తాయి, చెవి ఊడినా ఊడచ్చు, మిగిలింది మాత్రం నిలుస్తుంది. ఎండాక నీళ్ళు తగలకుండా చూసుకోవాలి, అంతే. నేను తల ఊపాను. ఆ రోజుకి నాకు తడపడం తప్ప ఇంకోటి చేతకాదు.

తల వంటగది కిటికీ పక్క అలమరలో పెట్టాం. ఎవరు ఏ పని చేసుకుంటున్నా చెవి మా వైపే ఉంటుంది. అత్తయ్య కూరలు తరుగుతూ దానితో ధరల సంగతి మాట్లాడుతుంది. మరిది వచ్చినప్పుడల్లా దాని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. నేను రోజూ పొద్దున్నే లేచి, స్టవ్ కంటే ముందు, గుడ్డ నానబెట్టి, రెండుసార్లు పిండి కప్పుతూ వచ్చాను. ముక్కు ఇంకొంచెం దిగింది. నిన్న గుడ్డ తీస్తే మెడ దగ్గర చిన్న ముడత కనిపించింది. తల వంపు నిలిచి ఉన్నది అక్కడే.

ఈ పొద్దున లేచాను. కుళాయి దగ్గరికి వెళ్ళాను. నీలం బకెట్‌లో నీళ్ళు పట్టలేదు. దాన్ని నేనే బోర్లించి, లోపలికి వచ్చి స్టవ్ వెలిగించాను. అత్తయ్య అలమర వైపు చూసి, "గుడ్డ తడపలేదేమే?" అని అడిగింది.

"లేదత్తయ్యా" అన్నాను.

ఆవిడ కిటికీ రెక్క ఇంకొంచెం తెరిచింది. నుదురు అప్పుడే తెల్లబడుతోంది. గుడ్డ తీగ మీదే ఉంది.